చిత్రహింసకు బాధ్యులెవరు?

ప్రభుత్వోద్యోగి యొకడు తన యధికారమును ఊతగొని మనుష్యుని హింసించినపుడు ఆ దోషము వానిది మాత్రమేనా, వానికి ఆ యధికారమిచ్చిన ప్రభుత్వమునకును అందు పాలున్నదా? ఈ ప్రశ్న నిన్న నేడు పుట్టినది కాదు. నూట డెబ్బది యేండ్లకు పూర్వము మన చెన్నపురి రాజధానిలోనే యిది బహిరంగముగా విచారింపబడినది. ఆ విచారణలో తేలినదేమో, తేలకుండ పోయినదేమో తెలిసికొనుట మనకు నేటికిని అవసరము.

అప్పటికి మా తిరుచానూరు ఉత్తరార్కాడు జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా 1911లో గాని యేర్పడలేదు. 1801లో కర్ణాటక నవాబు రాజ్యము కుంఫిణీవారి వశమైన పిమ్మట ఈ సీమలన్నియు వారి శిస్తు లెక్కలలో చేరినవి. స్వర్ణముఖీ తీరమున వరి పండించుకొను రైతునకు ప్రభుత్వమనగా ఎవరు? చెన్నపురి గవర్నరు కాదు, సీమలోని డైరెక్టర్లు కారు. ఏటికొక్కసారి జమాబందికి వచ్చు కలెక్టరును సయితము వాడు దూరమునుండి చూచుటే గాని మాటలాడి యెఱుగడు. వాని పాలిటికి ప్రభుత్వము తాసీల్దారు; ఆ తాసీల్దారు పంపిన బంట్రోతు.

ఇచ్చట నొక చట్టమును పాఠకులు గమనింపవలెను. 1816వ సంవత్సరపు 11వ రెగ్యులేషను తాసీల్దారునే పోలీసు అధికారిగా చేసినది. ఆ కాలమున కలెక్టరే మేజిస్ట్రేటు. కిస్తు వసూలు చేయువాడును, దొంగను పట్టువాడును ఒక్కడే. ఆ తాసీల్దారు కొట్టించినాడని చెప్పుకొనవలెనన్న, చెప్పుకొనవలసినది ఆ వసూలుకే పైయధికారియైన కలెక్టరుతో. కంచెయే చేను మేసినచో చేను ఎవరితో మొఱపెట్టుకొనును?

ఆ మొఱను రాజధాని దాటించిన పుణ్యము ఒక తెలుగువానిది. ఆయన గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు. వర్తకమున గడించిన ధనమును ఆయన ప్రజాకార్యములకు వెచ్చించెను. 1844లో 'క్రెసెంటు' అను పత్రికను నెలకొల్పెను. 1852లో మదరాసు స్వదేశ సంఘమును స్థాపించి, రైతుల బాధలను గూర్చి ఇంగ్లండు పార్లమెంటునకు విన్నపము పంపించెను. 1853లో పార్లమెంటు సభ్యుడగు డాన్బీ సేమూరు ఈ దేశమునకు వచ్చినపుడు శెట్టిగారు ఆయనకు ప్రజల దుఃస్థితిని కన్నులార చూపించిరి. 1854 జూలైలో కామన్సు సభలో మదరాసు శిస్తు పద్ధతిపై చర్చ వచ్చినపుడు, అచ్చట పన్ను రాబట్టుటకు చిత్రహింసలు పెట్టుచున్నారని సేమూరు నిండుసభలో పలికెను. అది యట్లుండునా యని శంకించినవారుండిరి. కాని మాట బయటపడినది, విచారణ తప్పలేదు.

అదే సంవత్సరము సెప్టెంబరులో మదరాసు ప్రభుత్వము ఎలియట్, స్టోక్స్, నార్టన్ అను మువ్వురను విచారణకర్తలుగా నియమించెను. వారిలో నార్టను బారిష్టరు. కుంఫిణీ పరిపాలనను బాహాటముగా విమర్శించినవాడు. సంఘము చెన్నపురిలో కూర్చుండెను. దక్షిణదేశమున తొలి రైలు నడచినది 1856లో. కనుక మావంటి యూరివాడు పోవలెనన్న నూఱుమైళ్లకు కొంచెము తక్కువగా కాలినడకనో బండిమీదనో పోవలసినదే. అంతకు మూడింతలు నాలుగింతలు దూరమునుండి వచ్చినవారును కలరు. అయినను 519 మంది స్వయముగా వచ్చి చెప్పుకొనిరి. 1,440 మంది జాబులు వ్రాసికొనిరి. వెరసి 1,959 ఫిర్యాదులు. చదువు అరుదైన ఆ దినములలో, ఊరికి తిరిగిపోయి మరల ఆ తాసీల్దారు క్రిందనే బ్రదుకవలసిన వారు ఇందఱు నోరు విప్పిరనిన, వారి బాధ యెంతటిదో యూహింపవచ్చును.

ఆ హింసల పట్టికను పూర్తిగా వ్రాయుటకు మాకు మనసొప్పదు. బొత్తుగా దాచుటయు న్యాయము కాదు. ఎండలో గంటల తరబడి నిలువబెట్టుట, తల కాళ్లదాక వంచి త్రాటితో కట్టివేయుట, వంగిన వీపుపై రాళ్లెత్తుట, కొయ్యకిట్టిలో వ్రేళ్లు బిగించుట, అన్నపానములు మాన్పుట, కన్నులలో మిరపపొడి చల్లుట. ఇవి వానిలో కొన్ని. ఇవియన్నియు హంతకులకు, బందిపోట్లకు జరిగినవని యెవరైన తలంతురేమో. అట్లు కాదు. నేరారోపణ చేత హింసింపబడువారికంటె శిస్తు బాకీ చేత హింసింపబడువారే యెక్కువయని విచారణకర్తల యభిప్రాయము. కొన్ని రూపాయల బాకీకి, కొన్ని యణాల బాకీకి కాపువాని వ్రేళ్లు కిట్టిలో పెట్టిరి.

1855 ఏప్రిలులో నివేదిక వెలువడెను. రాజధానిలో చిత్రహింస కలదని అది నిస్సంశయముగా ఒప్పుకొనెను. బాధితునకు పరిహారము దొరకుట యెంత కష్టమో దానినిగూర్చి విచారము వెలిబుచ్చెను. ఇంతవఱకు మెచ్చదగినదే. కాని బాధ్యత మాట వచ్చుసరికి నివేదిక ఒక మలుపు తిరిగినది. ప్రజల మొఱ యంతయు తమ స్వదేశోద్యోగుల క్రౌర్యమును గూర్చినదే కాని, దొరలను గూర్చినది కాదని విచారణకర్తలు వ్రాసిరి.

కొట్టిన చేయి మనవారిదే. దీనిని మనము కప్పిపుచ్చరాదు. తోడి గ్రామస్థుని వీపుపై రాయి యెత్తినవాడు మన గ్రామస్థుడే. అది మన సంఘమునకు సిగ్గు. అయినను ఆ చేతిని నడిపించిన యేర్పాటు ఎవరిది? శిస్తు నిర్ణయించినదెవరు? వసూలు తగ్గిన తాసీల్దారును తప్పుపట్టినదెవరు? ఒక్కనికే సంచియు కఱ్ఱయు ఇచ్చిన రెగ్యులేషను ఎవరిది? రాబడిన ద్రవ్యము ఏ ఖజానా చేరినది? లాభము దొరతనమునకు, నింద బంట్రోతునకు! 1857 సెప్టెంబరులో కార్ల్ మార్క్సు ఒక అమెరికా పత్రికలో ఈ నివేదికను ముందుంచుకొని ఇట్టి ప్రశ్ననే వేసెను.

ప్రభుత్వము తన దోషమును మాటలతో ఒప్పుకొనలేదు; చేతలతో ఒప్పుకొన్నది. 1859లో 24వ యాక్టుచేత పోలీసును శిస్తుశాఖనుండి వేఱుచేసెను. 1860 నాటి శిక్షాస్మృతి 330వ విభాగము ఒప్పుకోలు కొఱకు, సొత్తు కొఱకు హింసించుటను నేరముగా ప్రకటించెను. ఆ విభాగము క్రింది యుదాహరణములలో పోలీసు అధికారితో పాటు, శిస్తు బాకీకై హింసించు రెవిన్యూ అధికారియు కలడు. కిట్టిలో నలిగిన వ్రేళ్ల జ్ఞాపకము ఆ యొక్క వాక్యములో మిగిలినదని మాకు తోచుచుండును. 1872 సాక్ష్య చట్టము పోలీసు యెదుట చేసిన ఒప్పుకోలు చెల్లదనెను.

స్వరాజ్యము వచ్చిన పిదప ప్రశ్న మరల లేచినది. 1977లో, నాటి కర్నూలు జిల్లా కోవెలకుంట్ల సబ్‌జైలులో నున్నవారిపై బయటివారు బాంబులు వేయగా ఒకడు మృతుడయ్యెను. ఇది చిత్రహింస కాదు, కాపుదలలోని యుపేక్ష. అయినను పరిహారమడిగిన కుమారునకు ప్రభుత్వమిచ్చిన ప్రత్యుత్తరము పాతదే: సార్వభౌమునిపై దావా చెల్లదని. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ వాదమును త్రోసివేసి 1,44,000 రూపాయలు ఇప్పించెను. 2000లో సుప్రీంకోర్టు దానిని స్థిరపఱచెను. అంతకుముందే 1993లో, పోలీసు నిర్బంధమున కుమారుని పోగొట్టుకొన్న ఒరిస్సా తల్లి యొకతె జాబు వ్రాయగా, దానినే అర్జీగా గైకొని సుప్రీంకోర్టు ప్రభుత్వముచేత పరిహారమిప్పించెను. 1855లో దొరకని న్యాయమిదే: చేసినవానికి శిక్ష మాత్రమే కాక, చేయించిన లేక చేయనిచ్చిన ప్రభుత్వము ఉత్తరవాది యగుట.

అయినను పని ముగియలేదు. చిత్రహింసా నిషేధపు అంతర్జాతీయ ఒడంబడికపై మన దేశము 1997లో సంతకము చేసినది, ధ్రువీకరింపలేదు. 2010లో లోకసభ ఆమోదించిన బిల్లు రాజ్యసభలో నిలిచి మురిగిపోయినది. 2017లో లా కమిషను మరల చట్టము కోరినది. చిత్రహింసను విచారణపద్ధతిగా అంగీకరించిన కౌటిల్యుడు సయితము, బందీని కొట్టి చంపిన చెఱసాల అధ్యక్షునకు వేయి పణముల దండము విధించెను. మనము అంతకంటె ముందునకు పోవలదా?

చట్టము ప్రభుత్వము చేయవలసినది; దానికి వెనుకబలము గృహములలో పుట్టవలసినది. "దెబ్బకు దయ్యము దిగివచ్చు"నని మనమే పిల్లల యెదుట పలుకుదుము. దొంగను పోలీసులు కొట్టిరనిన "మంచిపని" యందుము. ఆ మాట వినుచు పెరిగిన బాలుడే రేపటి కానిస్టేబులు, రేపటి న్యాయాధిపతి. దెబ్బకు దిగివచ్చునది నిజము కాదు. కొట్టువాడు కోరిన మాట. 1,959 మంది తెగించి చెప్పిన సంగతి యిదియే. దానిని మన పిల్లలకు చెప్పుట మన విధి.