పాట కూడు పెడతదా?
(మన చదువుల చరిత్ర – 9వ భాగం)



ఈ వారం హాస్టళ్ల చరిత్ర రాస్తానని పోయినసారి చెప్పాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. కారణం ఒక ఫోను.

మొన్న రాత్రి పదకొండు దాటినంక ఒక చెల్లె ఫోన్ చేసింది. మా నల్లగొండ దిక్కు పిల్ల. బీయెస్సీ అయిపోయింది. ఏప్రిల్ 14 వచ్చిందంటే చుట్టుపక్కల నాలుగూళ్లలో ఆమె పాట లేకుండా సభ జరగదు. పాటలు తనే కడుతది, తనే పాడుతది.

"అన్నా, పండుకున్నవా?"

"లేదు, చెప్పు తల్లీ."

"పీజీకి రెండు ఎంట్రెన్సులు రాసిన. కెమిస్ట్రీల ర్యాంకొచ్చింది, తెలుగుల గూడ మంచి ర్యాంకే వచ్చింది. ఎల్లుండి లోపట ఆప్షన్లు పెట్టాలె. నాకు భయమైతుందన్నా. కెమిస్ట్రీ చేస్తే మందుల కంపెనీల ఉద్యోగం దొరుకుతదంటున్నరు. తెలుగు చేస్తనంటే అమ్మ ఒక్కటే మాట అంటుంది, పాట కూడు పెడతదా బిడ్డా అని."

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "మనోళ్లల్ల ఎవలన్న రెండూ చేసిండ్రా అన్నా? బతుకుదెరువు, పాట, రెండూ?"

ఫోన్లో సరిగా చెప్పలేకపోయాను. రేపటి నుంచి యూనివర్సిటీ గేటు దాటబోయే మన పిల్లలు వందల మంది ఇదే ప్రశ్నతో నిద్రపోకుండా ఉంటారని తెలుసు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు అమ్మ మాట సంగతి చూద్దాం. "అమ్మకు కళ విలువ తెలియదు" అని తోసెయ్యకండి. ఆ భయం తెలివి తక్కువై పుట్టింది కాదు, చరిత్రలోంచి పుట్టింది.

మా నాయన డప్పు కొట్టేటోడు. గడ్డి మంట మీద డప్పు కాచి, ఒక చేతిలో సిర్ర, ఒక చేతిలో సిటికెన పుల్ల పట్టుకొని నిలబడితే వాడంతా ఇండ్లలోంచి బయటికి వచ్చేది. అటువంటి మనిషి నన్ను ఏనాడూ డప్పు ముట్టనియ్యలేదు. చిన్నప్పుడు ఒకసారి చాటుగా తీసి కొడుతుంటే దొరికిపోయాను. కొట్టలేదు. డప్పు గుంజుకొని చూరుకు తగిలేసి, "నువ్వు ముట్టకు. నీకు కొట్టొస్తదని తెలిస్తే ఊరోళ్లు రేపు నిన్ను గూడ పిలుస్తరు" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏండ్లు పట్టింది. ఊళ్లో చావుకు డప్పు, జాతరకు డప్పు, దండోరాకు డప్పు. పిలిస్తే పోవాలె, పోకపోతే తప్పు. అది మాదిగల మీద మోపిన వెట్టి. చిందు, డక్కలి, బైండ్ల వాళ్ల ఆటపాటలను కూడా కులానికే కట్టేశారు. భూమి ఉన్నవాడికి కళ ఒక సరదా, ఒక గౌరవం. మనకు కళ కూలి లేని పని. నాయన డప్పును ప్రేమించాడు, డప్పు వెనకున్న పిలుపును ద్వేషించాడు. కాబట్టి "పాట కూడు పెడతదా" అని అమ్మ అడిగితే అందులో తరాల కూలి బాకీ ఉందని గుర్తు పెట్టుకోవాలె.

ఇక చెల్లె ప్రశ్న. రెండూ చేసినోళ్లు ఉన్నారా?

1848లో పుణెలో సావిత్రిబాయి ఫూలే పంతులమ్మగా బడిలోకి అడుగుపెట్టింది. దారిలో పేడ, రాళ్లు పడిన కథ మనందరికీ తెలుసు. ఆమె కవి అన్న సంగతి మాత్రం తక్కువ మందికి తెలుసు. 1854లోనే 'కావ్యఫూలే' అనే కవితల పుస్తకం అచ్చయింది. పగలు అక్షరాలు దిద్దించిన చెయ్యే కవిత్వం రాసింది. ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగ్ కులపు పిల్ల ముక్తా సాల్వే, పద్నాలుగేండ్ల వయసులో, మాంగ్, మహర్ల దుఃఖం మీద వ్యాసం రాసింది. 1855లో అది 'జ్ఞానోదయ' పత్రికలో వచ్చింది. అక్షరం నేర్చిన కొన్నేండ్లకే ఆ పిల్ల దాన్ని ఆయుధంగా తిప్పింది. తొలి తరంలోనే మనకు చదువు, రాత ఒక్కచోట ఉన్నాయి.

మన దగ్గరికి వద్దాం. 1906లో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టాడు. మీటింగులతో పాటు హరికథలు చెప్పించాడు, తర్వాత బడులు పెట్టాడు. కథ, బడి ఆయనకు ఒకే పనిలో రెండు భాగాలు.

రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ఆయుర్వేద వైద్యుడు. నాడి చూసి మందిచ్చే చేత్తోనే పాట రాశాడు, 'జయభేరి' పత్రిక నడిపాడు. 1920ల తొలినాళ్లలో దేశమంతా తెల్లదొరలు వద్దంటుంటే, మరి మా నెత్తిన కూర్చున్న నల్లదొరల సంగతేందని అడిగినవాడు ఆయన. ఎవరి దయా అక్కర లేని వృత్తి చేతిలో ఉండటం ఆ ధైర్యానికి ఎంతో కొంత అండ అయిందనే నేను నమ్ముతాను. కూడు ఇంకొకడి చేతిలో ఉంటే పాట గొంతులోనే ఆగుతది.

గుర్రం జాషువ 1895లో వినుకొండలో పుట్టాడు. ఆయన యూనివర్సిటీలో చదువుకున్నవాడు కాదు. రాజమండ్రిలో మూకీ సినిమాలు ఆడుతుంటే తెర పక్కన నిలబడి జనానికి కథ చెప్పే పని చేశాడు. గుంటూరులో పంతులు పని చేశాడు. ఉభయ భాషా ప్రవీణ పరీక్ష పాసయ్యాడు. ముసలితనంలో, 1957 నుంచి 59 దాకా, మద్రాసు రేడియోలో కొలువు చేశాడు. ఆ కొలువుల నడుమనే 1941లో 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపితే, జాషువ అరుంధతీ సుతుడు గబ్బిలంతో శివుడికి తన ఆకలి కబురు పంపాడు. ఆయనను లోపలికి రానియ్యని చదువు లోకమే తర్వాత పిలిచి కళాప్రపూర్ణ ఇచ్చింది. మన పిల్లలు గమనించాల్సింది బిరుదు కాదు. సినిమా హాలు, బడి, రేడియో, ఏ పనిలో ఉన్నా ఆయన పద్యాన్ని కింద పెట్టలేదు.

బోయి భీమన్న 1911లో కోనసీమలో, మామిడికుదురులో, కూలి తల్లిదండ్రులకు పుట్టాడు. డిగ్రీ చేశాడు, పంతులయ్యాడు, పత్రికల్లో పనిచేశాడు, తర్వాత ప్రభుత్వ అనువాద విభాగంలో అధికారి అయ్యాడు. ఆయన 'పాలేరు' నాటకం చూడండి. పాలేరు పిల్లగాడు చదువుకొని అధికారి అవుతాడు. ఊళ్లలో ఆ నాటకం చూసి పిల్లలను బడికి పంపిన తల్లిదండ్రులున్నారు. కళ కూడు పెడతదా అన్న ప్రశ్నకు ఇక్కడ ఒక తమాషా జవాబుంది. ఒక నాటకం ఎందరో పిల్లలను కొలువుల దాకా నడిపించింది.

ఇప్పుడు అసలు చిక్కు. బాబాసాహెబ్ ఏమన్నారు?

బళ్లో సంస్కృతం చదవాలనుకుంటే అంటరానివాడని చెప్పనియ్యలేదు, పర్షియన్ తీసుకున్నారు. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద కొలంబియా పోయారు. చదువయ్యాక పదేండ్లు బరోడాలో పనిచెయ్యాలన్నది షరతు. అంటే ఆ చదువు మీద కూడా కొలువు బరువుంది. అక్కడ ఆయన ప్రధానంగా చదివింది ఎకనామిక్స్. దాంతో ఆగలేదు. చరిత్ర, సోషియాలజీ, ఫిలాసఫీ, ఆంత్రొపాలజీ క్లాసుల్లో కూర్చున్నారు. 1916లో కులం పుట్టుక మీద చదివిన తొలి పత్రం ఎకనామిక్స్ క్లాసులోది కాదు, ఆంత్రొపాలజీ సెమినార్‌లోది. 1917లో బరోడా కొలువుకు పోతే తలదాచుకోవడానికి ఇల్లు దొరకలేదు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. జీతంలో మిగిల్చి లండన్ చదువుకు దాచుకున్నారు. 1920 జనవరిలో 'మూక్‌నాయక్' పత్రిక పెట్టి, అదే ఏడు మళ్లీ లండన్ పోయారు. కొలువు, పత్రిక, చదువు ఆ ఒక్క ఏడులోనే కనిపిస్తాయి.

అయితే 1942లో వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నప్పుడు ప్రభుత్వానికి ఇచ్చిన వినతిపత్రంలో ఆయన వాదన వేరుగా ఉంటది. మన పిల్లలకు ఆర్ట్స్, లా చదువులతో ఒరిగేది తక్కువ, సైన్సు, టెక్నాలజీ చదువులే కావాలె, వాటి ఖర్చు మనవాళ్లు మొయ్యలేరు కాబట్టి సర్కారే ఇయ్యాలె అన్నారు. 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ వెనక ఈ పోరాటం ఉంది. ఈ ముక్క చూపించి "అంబేద్కరే చెప్పిండు, ఆర్ట్స్ వద్దు" అనే అన్నలు మనలో ఉన్నారు.

ఒక్క నిమిషం ఆగండి. అదే మనిషి 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు ఆర్ట్స్, సైన్స్ రెండూ పెట్టారు. 1950లో ఔరంగాబాదులో కాలేజీ పెట్టి, తర్వాత మిలింద్ అని పేరు పెట్టారు. మరాఠీ దళిత సాహిత్యానికి 1960లలో ఊపిరి పోసిన పట్టణాల్లో ఆ ఔరంగాబాదు ఒకటి. చివరి ఏండ్లలో వయొలిన్ నేర్చుకున్న మనిషి కళకు శత్రువు ఎట్లయితడు? సర్కారు దగ్గర ఆయన అడిగింది మనకు మూసేసిన తలుపు తెరవమని. ఆ రోజు మూసి ఉన్నది ప్రయోగశాల తలుపు. ఒక తలుపు తెరవమంటే ఇంకోటి మూసుకోమని కాదు.

మన కాలానికి వస్తే బొజ్జా తారకం. వృత్తి వకీలు, గొంతు కవిది. 'నది పుట్టిన గొంతుక' ఆయన కవిత్వమే. 1985 జులై 17న కారంచేడు జరిగింది. ప్రభుత్వ ప్లీడర్ పదవి వదిలేసి బాధితుల వైపు నిలబడ్డాడు. ఆయనకు న్యాయశాస్త్రం రాకపోతే కారంచేడు, చుండూరు బాధితులకు కోర్టులో ఆ గొంతు ఉండేది కాదు.

ఇంకో వైపు కూడా చెప్పకపోతే అబద్ధమైతది. కలేకూరి ప్రసాద్ కొలువు దిక్కు చూడలేదు. పాట, అనువాదం, ఉద్యమం. 2013లో యాభై నిండకుండానే పోయాడు. ఆయన పాటను మనం సభల్లో పాడుకుంటాం. ఆయన బతికిన కష్టాన్ని కూడా గొప్పగా చెప్పుకుంటాం. అది మాత్రం తప్పు. మన కళాకారుల పేదరికాన్ని మనమే పూజిస్తే, వెట్టి అడిగిన ఊరి పెద్దలకు మనకు తేడా ఏముంది? సభకు పిలిచి పాడించుకొని బస్సు చార్జీ కూడా ఇయ్యని సంఘాలు మనవి కూడా ఉన్నాయి. నేనున్న సంఘం కూడా ఆ పని చేసింది. ఆ చెల్లె పాటకు మేం ఇచ్చింది ఎప్పుడూ ఒక శాలువానే.

రోహిత్ వేముల సైన్సు రచయిత కావాలనుకున్నాడు. సైన్సు, రాత అతనికి రెండు దారులు కావు. 2016 జనవరి మనందరికీ మిగిల్చిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. అందుకే కొత్తగా పోయే పిల్లలకు ఒక్కటే మాట: ఒంటరిగా ఉండొద్దు. మొదటి వారంలోనే మన సీనియర్లను వెతుక్కోండి. స్కాలర్‌షిప్ ఆలస్యమైనా, మెస్ బిల్లు పడినా, గుండె బరువైనా, ఎంత రాత్రయినా ఎవరికో ఒకరికి చెప్పండి.

నా సంగతి. నేను యూనివర్సిటీకి పోయిన రోజు రేకుపెట్టె పట్టుకొని లైన్లో నిలబడితే, కౌంటర్లో మనిషి కాగితం చూసి, "రిజర్వేషనా? పక్కకు నిలబడు" అన్నాడు. లైను మొత్తం అయిపోయేదాకా నిలబడ్డాను. ఆ రోజే నిర్ణయం చేసుకున్నాను, పాటలు గీటలు బంద్, ముందు నౌకరి. తర్వాత బీఈడీ చేసి టీచర్నయ్యాను. అది తప్పని ఎన్నడూ అనుకోలేదు. ఆ జీతం మా చెల్లెండ్ల పెండ్లిళ్లు చేసింది, అమ్మకు ఆపరేషన్ చేయించింది. కానీ "ముందు నౌకరి" అన్న మాటకు "తర్వాత పాట" అని ఒక తేదీ రాసుకోలేదు. మా నాయనకు సావు దెబ్బ ఒకటి, పెండ్లి దెబ్బ ఒకటి, ఇంకా నాకు పేర్లు తెలియనివి ఎన్నో వచ్చు. సెలవులకు పోయి రికార్డు చేద్దాం, చేద్దాం అనుకుంటూనే ఉన్నాను. నాయన పోయాడు. ఆయన శవం ముందు పక్క ఊరోళ్లు వచ్చి డప్పు కొట్టారు. ఆయన దెబ్బ ఎట్లుంటదో ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ తెలవదు, నాకూ చేతికి రాదు.

అందుకని నిన్న చెల్లెకు ఫోన్ చేసి చెప్పింది ఇంతే. ఏ ఆప్షన్ పెట్టినా మంచిదే. కెమిస్ట్రీ పెడితే పాటకు వారంలో ఒక పూట రాసి పెట్టుకో, ఆ పూట ల్యాబు రికార్డు ముందు కూర్చోకు. తెలుగు పెడితే నెట్, సెట్, బీఈడీ, జేఎల్ పరీక్షల తేదీలు మొదటి ఏడే గోడకు అతికించుకో. ధర్మన్నకు వైద్యముంది, జాషువకు బడి ఉంది, తారకానికి కోర్టు ఉంది. వాళ్లకు దొరికిన సమయం కూడా రోజుకు ఇరవై నాలుగు గంటలే. అమ్మతో కొట్లాడకు. ఆమె కోరేది నీ పాట ఆగిపోవాలని కాదు, నువ్వు చెయ్యి చాచొద్దని.

"మరి సంఘపోళ్లు ఏం చేస్తరన్నా?" అన్నది. సూటిగానే అడిగింది. వచ్చే ఏప్రిల్ 14 నుంచి మా మండల సభల్లో పాడేవాళ్లకు, ఆడేవాళ్లకు శాలువా కాదు, కవరు ఇయ్యాలని ఆదివారం మీటింగులో పెడుతున్నాను. మీ దగ్గర కూడా పెట్టండి. ఎంతన్నది మీ ఇష్టం, కానీ ఉత్త చేతులతో పంపకండి.

ఏ ఆప్షన్ పెట్టిందో నేను చెప్పను. అది ఆమె చెప్పుకోవాల్సిన కబురు. పెట్టెలో మాత్రం పాటల నోటుబుక్కు పెట్టుకున్నానని చెప్పింది. అమ్మే బట్టల కింద సర్దిందట.

వచ్చే వారం: హాస్టళ్ల చరిత్ర. మీ హాస్టల్ జ్ఞాపకాలు ఉంటే పంపండి.

జై భీమ్.