బాసర ఐఐటీ అడిగింది, ట్రిపుల్ ఐటీ వచ్చింది

ఉత్తర తెలంగాణ చదువుల చరిత్రలో 2008కి ప్రత్యేకమైన చోటుంది. ఆ ఏడాదే కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ ఏడాదే బాసరలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే జనం నోట్లో ట్రిపుల్ ఐటీ, పిల్లల్ని చేర్చుకుంది. ఒకే ఏడాది పుట్టినా వీటికి చోటు దొరికిన తీరు వేరు. కరీంనగర్‌లో విశ్వవిద్యాలయం అప్పటికే ఉన్న చదువుల కేంద్రం నుంచి పెరిగింది. బాసరలో పొలాల మధ్య కొత్తగా వెలిసింది. ఒక విశ్వవిద్యాలయం ఫలానా ఊళ్లోనే ఎందుకుందో తెలుసుకుంటే, దాని తర్వాతి కష్టసుఖాలు సగం అర్థమవుతాయి.

హైదరాబాద్ రాజ్యంలో చోటు ఎంచుకునే పని ఎంత నింపాదిగా జరిగిందో ముందు చూడాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1917లో ఫర్మానా వెలువడింది. 1919లో గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని బంగళాల్లో తరగతులు మొదలయ్యాయి. శాశ్వత స్థలం కోసం పేరున్న నగర ప్రణాళికావేత్త పాట్రిక్ గెడెస్ సలహా తీసుకున్నారు. చివరికి ఊరికి దూరంగా ఉన్న అడిక్‌మెట్ ఖాయమైంది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో గానీ తెరుచుకోలేదు. స్థలం చూడటానికి, నేల తీరు తెలుసుకోవడానికి, భవనం ఎలా ఉండాలో ఆలోచించడానికి ఇరవై ఏళ్లు తీసుకున్నారు. అంత వ్యవధి ఆ తర్వాత మన దగ్గర ఏ విశ్వవిద్యాలయానికీ దొరకలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక పద్ధతి మారింది. ముందు జిల్లా కేంద్రంలో పీజీ సెంటర్ పెట్టడం, అది నిలదొక్కుకున్నాక విశ్వవిద్యాలయంగా ప్రకటించడం రివాజైంది. వరంగల్‌లో ఉస్మానియా పీజీ సెంటర్‌గా మొదలైనదే 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమైంది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కాలేజీలు దాని కిందికి వెళ్లాయి. ఆ కాకతీయ పెట్టిన పీజీ సెంటరే మళ్లీ కరీంనగర్‌లో శాతవాహనకు పునాది అయింది. కాబట్టి ఇక్కడ స్థలం గురించి పెద్ద తర్జనభర్జన అవసరం పడలేదు. జిల్లా కేంద్రం, బస్సుల రాకపోకలు, 1956 నుంచి ఉన్న ఎస్సారార్ ప్రభుత్వ కాలేజీ, చదువుకున్న మధ్యతరగతి అన్నీ అప్పటికే ఉన్నాయి. క్యాంపస్ మల్కాపూర్ రోడ్డులో పెరిగింది. అధ్యాపకుడు ఊళ్లో ఇల్లు తీసుకుని పిల్లల్ని బడికి పంపి, తాను క్యాంపస్‌కు వెళ్లి రాగలడు. చూడటానికి మామూలు వసతే, కానీ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టేది ఇలాంటి వసతులే.

శాతవాహన అనే పేరూ ఊరికే పెట్టింది కాదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణేలు దొరికాయి. ధూళికట్టలో బౌద్ధ స్తూపం బయటపడింది. పెద్దబంకూరు తవ్వకాలు శాతవాహన కాలపు ఊరిని చూపించాయి. ఇవన్నీ ఉమ్మడి కరీంనగర్ జిల్లావే. ఈ నేల చరిత్రనే పేరుగా పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఆ చరిత్రకు పెద్ద పరిశోధనా కేంద్రం కావాలని నా కోరిక.

ఇదే జిల్లాలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలు మరో దారిలో వచ్చాయి: పేరు ఒక ఊరిది, చోటు మరో ఊరిది. జగిత్యాల పేరుతో 2007లో వచ్చిన కాలేజీ కొండగట్టు దగ్గరి నాచుపల్లిలో ఉంది. మంథని పేరుతో 2010లో వచ్చిన కాలేజీ సింగరేణి వారి సెంటినరీ కాలనీలో ఉంది.

బాసర కథ వేరు. అప్పట్లో ఆంధ్రప్రదేశ్‌కు ఐఐటీ వస్తుందనగానే అది బాసరకే ఇవ్వాలని ఉత్తర తెలంగాణ గట్టిగా అడిగింది. వేలమంది పిల్లల్ని ఐఐటీలకు పంపిన చుక్కా రామయ్య గారు ఆ కోరికకు ముందు నిలబడ్డారు. వాదనలో బలముంది. బాసర అప్పుడున్న ఆదిలాబాద్ చదువులో వెనుకబడిన జిల్లా. బాసరకు సికింద్రాబాద్-మన్మాడ్ రైలు మార్గం ఉంది. పక్కనే గోదావరి, శ్రీరాంసాగర్ వెనుక జలాలు ఉన్నాయి. పైగా అది సరస్వతీ క్షేత్రం. వసంత పంచమి నాడు ఆ గుళ్లో చూడాలి. తండ్రి ఒళ్లో కూచున్న పిల్ల చేతికి బలపం ఇచ్చి, పూజారి ఆ చిన్న వేళ్లను తన చేతిలోకి తీసుకుని పలక మీద మొదటి అక్షరం దిద్దిస్తాడు. చుట్టూ అలాంటి కుటుంబాలు వందలకొద్దీ, తెలంగాణ నుంచే కాదు, మహారాష్ట్ర నుంచీ వస్తాయి. అక్షరాభ్యాసం చేయించిన ఊళ్లోనే పెద్ద చదువూ ఉండాలని ఆ తల్లిదండ్రులు అనుకోవడం సహజం.

ఐఐటీ మాత్రం మెదక్ జిల్లాకు వెళ్లింది. 2008 ఆగస్టులో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో తాత్కాలికంగా మొదలై, తర్వాత సంగారెడ్డి దగ్గరి కందిలో 576 ఎకరాల్లో స్థిరపడింది. హైదరాబాద్‌కు దగ్గరగా ఉండటం దానికి కలిసొచ్చింది. బాసరకు వచ్చింది ట్రిపుల్ ఐటీ. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఒకే చట్టంతో మూడు క్యాంపస్‌లు పెట్టింది. కోస్తాకు నూజివీడు, రాయలసీమకు ఇడుపులపాయ, తెలంగాణకు బాసర. ప్రాంతానికి ఒకటి చొప్పున పంచారు. ఆదిలాబాద్ జిల్లా వాటా అలా తేలింది.

ఐఐటీ పోయిందన్న బాధ నిజమే గానీ, వచ్చినదాన్ని తక్కువ చేయడానికి నాకు మనసొప్పదు. ప్రపంచ ప్రఖ్యాత కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి తొలి చాన్సలర్. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పల్లె పిల్లల్ని నేరుగా తీసుకుని, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు హాస్టల్లో ఉంచి చదివించడం దాని పద్ధతి. పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. ప్రభుత్వ బడుల పిల్లలకు తర్వాత 0.4 గ్రేడ్ పాయింట్లు అదనంగా కలిపారు. కోచింగ్ ఫీజు కట్టలేని కూలీ ఇంటి పిల్ల ఇంజినీరై బయటికొచ్చింది. ఐఐటీ వచ్చి ఉంటే ఈ పిల్లల్లో ఎంతమంది దాని గేటు దాటేవారు?

లోటు వేరే చోట జరిగింది. చట్టం చేసిన ఏడాదే తరగతులు పెట్టారు. పదిహేనేళ్ల పిల్లలు ఏకంగా రెండు వేల మంది ఒక్కో క్యాంపస్‌లో దిగారు. 272 ఎకరాల క్యాంపస్ వారి కళ్లముందే కట్టుకుంటూ వచ్చింది. విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయమేమో హైదరాబాద్‌లో, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో ఉండేది. పిల్లలు గోదావరి ఒడ్డున, సంతకాలు చేసేవారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో. బాసర చిన్న ఊరు. పెద్ద ఆసుపత్రి కావాలన్నా, భార్యకో భర్తకో ఉద్యోగం దొరకాలన్నా నిజామాబాద్ పోవాల్సిందే. అందుకే అనుభవమున్న ఆచార్యులు కుటుంబంతో వచ్చి స్థిరపడటం కష్టమైంది. కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకుల మీద భారం పడింది.

2022 జూన్‌లో వేలాది విద్యార్థులు గేటు దగ్గర ఎండకూ వానకూ కూచుని వారం రోజులు ఆందోళన చేశారు. వారి పన్నెండు డిమాండ్లలో పూర్తికాలపు వైస్ చాన్సలర్‌ను నియమించాలన్నది ముఖ్యమైనది. చివరికి విద్యాశాఖ మంత్రి క్యాంపస్‌కు వచ్చి మాట్లాడాకే విరమించారు. బాసరను ఎంచుకోవడం తప్పని నేననను. వెనుకబడిన చోటే పెట్టాలి. కానీ అలాంటి చోటును ఎంచుకున్న ప్రభుత్వం, నగరంలో పెట్టినదానికంటే రెట్టింపు శ్రద్ధ పెట్టాలి. మనుషుల్ని రప్పించడానికి ఇళ్లు, బడి, ఆసుపత్రి కూడా క్యాంపస్ ఖర్చులోనే లెక్కించాలి. ఆ లెక్క 2008లో ఎవరూ వేయలేదు.

ఆదిలాబాద్‌కు మరో అవకాశం 2014లో వచ్చింది. విభజన చట్టం తెలంగాణకు గిరిజన విశ్వవిద్యాలయం హామీ ఇచ్చింది. దాన్ని ఉట్నూరులో పెట్టాలని ఆదివాసులు అడిగారు. అక్కడ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉంది. అక్కడికి దగ్గర్లోని మార్లవాయిలో 1940లలోనే మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించి, గోండి భాషలో చదువు చెప్పించారు. గిరిజన విద్యకు ఇంతటి పూర్వచరిత్ర ఉన్న నేల రాష్ట్రంలో మరొకటి చూపించడం కష్టం. అయినా విశ్వవిద్యాలయం ములుగుకు వెళ్లింది. సమ్మక్క సారక్క పేరుతో 2023 డిసెంబర్‌లో పార్లమెంటు చట్టం చేసింది, 2024లో జాకారంలో తాత్కాలిక వసతిలో చదువు మొదలైంది. సమ్మక్క సారక్కల మేడారం ఉన్న ములుగు హక్కును కాదనలేం. అయినా ఉట్నూరు వాదన బరువు తగ్గదు.

2016లో ఉమ్మడి ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. రాష్ట్రం వచ్చి పదేళ్లు నిండేనాటికీ ఆ నాలుగింటి డిగ్రీ కాలేజీలు కాకతీయ కిందే ఉన్నాయి. ఆదిలాబాద్ పట్టణం నుంచి వరంగల్‌కు రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. కరీంనగర్‌లో ఒక పీజీ సెంటర్ విశ్వవిద్యాలయంగా పెరిగినట్టే ఇక్కడా పెరగాలంటే మొదటి అడుగు ఉట్నూరులోనో ఆదిలాబాద్‌లోనో పూర్తిస్థాయి పీజీ కేంద్రం పెట్టడం, దానికి శాశ్వత అధ్యాపకుల్ని ఇవ్వడం.