పలకల సీమలో బాల్యం: పశ్చిమ ప్రకాశం, బాల్య అధ్యయనాలు

మార్కాపురం పేరు వింటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది పలక. నల్లమల అంచున కంభం, మార్కాపురం ప్రాంతాల్లో దొరికే రాయిని తవ్వి, పలచగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి ఊరూరి బడులకూ పంపిన పట్టణమిది. ఆ పనిలో పిల్లలూ ఉండేవారు. ఇంకొకరు అక్షరాలు దిద్దుకునే పలకను బడికి పోని పిల్లలు తయారుచేశారు. బాల్యం గురించి పరిశోధకులు నేటికీ తెగ్గొట్టలేని వాదాలన్నీ ఈ ఒక్క వస్తువు చుట్టూ పోగవుతాయి.

నిజానికి ఈ ప్రాంతాన్ని వైద్యశాస్త్రం ముందుగా పట్టించుకున్నది నీళ్ల వల్ల. మార్కాపురం లాగే పశ్చిమ ప్రకాశంలో భాగమైన పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. అక్కడి జనాన్ని పరీక్షించిన షార్ట్ అనే పరిశోధకుడి బృందం, నీటిలోని అధిక ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ గురించి 1937లో ప్రకటించింది. శాశ్వత దంతాల పింగాణీ పొర చిన్నతనంలో చిగుళ్ల లోపలే ఏర్పడుతుంది. ఆ వయసులో తాగిన నీటి మచ్చ ముసలితనం దాకా పంటిమీద ఉంటుంది. అందుకే పిల్లల శరీరాన్ని వైద్యులకు వదిలేసి, వారి జీవితాన్ని సామాజిక శాస్త్రజ్ఞులు పంచుకుంటే సరిపోదనే వాదానికి ఇక్కడ బలం ఎక్కువ. బోరు నీళ్లు ఎవరు తాగుతారు, డబ్బా నీళ్లు ఎవరు కొనుక్కుంటారు అన్నది వైద్యం ఒక్కటే చెప్పగలిగేది కాదు.  

బాల్యమనే భావనకే ఒక చరిత్ర ఉందని ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ ఆరియెస్ 1960లో వాదించాడు. పిల్లలు రేపటి పెద్దలు మాత్రమే కాదని, ఇవాళే తమ చుట్టూ ఉన్న సమాజాన్ని మలిచేవారని పరిశోధకులు ఆలిసన్ జేమ్స్, అలన్ ప్రౌట్ 1990లో ఒక సంకలనం ద్వారా సిద్ధాంతీకరించారు. ఆ మాటను మార్కాపురానికి తెచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. చట్రాలు బిగించే పిల్ల తన ఇంటిని నిలబెడుతున్న కర్తా, దోపిడీకి గురవుతున్న బాధితురాలా?

ప్రభుత్వం రెండో జవాబే ఎంచుకుంది. 1986లో బాలకార్మిక చట్టం, 1987లో జాతీయ విధానం వచ్చాయి. ఆ విధానం కింద 1988 నుంచి మొదలైన తొలి విడత జాతీయ బాలకార్మిక ప్రాజెక్టుల్లో ఆంధ్రప్రదేశ్‌కు రెండు దక్కాయి: పెంకుల పరిశ్రమకు జగ్గంపేట, పలకలకు మార్కాపురం. బలపాల పరిశ్రమ ఉన్న మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ కూడా ఆ విడతదే. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు, మధ్యాహ్న భోజనం, స్టైపెండు, వైద్య పరీక్షలు అందించడం ఈ పథకం పద్ధతిగా ఉండేది. అయితే అది లెక్కపెట్టింది ప్రమాదకర పరిశ్రమల్లోని పిల్లలనే. మేకలు కాసేవాడు, తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటిపట్టున ఉండిపోయిన ఆడపిల్ల దాని పరిధిలోకి రాలేదు.

ఈ లోపాన్ని గట్టిగా పట్టుకున్నది శాంతా సిన్హా నాయకత్వంలో రంగారెడ్డి జిల్లాలో పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది ఆ సంస్థ సూత్రం. రాజనీతి శాస్త్రవేత్త మైరన్ వీనర్ 1991 నాటి పుస్తకంలో ఇంకో వైపు నుంచి అదే చోటికి వచ్చాడు: పేదరికం కన్నా, పేదపిల్లల చదువు మీద చదువుకున్న వర్గాలకున్న చిన్నచూపే భారతదేశంలో అడ్డంకి అన్నాడు. కేరళ తీరంలోని ఒక పల్లెను చదివిన పరిశోధకురాలు ఓల్గా న్యూవెన్‌హైస్ 1994లో దీనికి భిన్నమైన మాట చెప్పింది. పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు చేసే పనికి విలువ కట్టకుండా దాన్ని కేవలం తప్పుగా చూస్తే ఆ శ్రమ కనబడకుండా పోతుందని ఆమె వాదన. పశ్చిమ ప్రకాశం వరకు చూస్తే, పని మాన్పించడంలో సిన్హా వాదన నెగ్గుతుంది గానీ, ఏ పని కనబడకుండా పోయిందో చెప్పడానికి న్యూవెన్‌హైస్ లేనిదే కుదరదు.

ఒకే పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించిన పెద్ద అధ్యయనం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన యంగ్ లైవ్స్. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు వయసుల వారిని కలిపి సుమారు 3,000 మందితో మొదలై, 2006, 2009, 2013, 2016లలో మళ్లీ వారి దగ్గరికే వెళ్లింది. చదువు, ఆరోగ్యం, ఇంటి పని, పిల్లల సొంత మాటలు అన్నిటినీ కలిపి చూడడం దాని గొప్పతనం. ఎంచుకున్న జిల్లాల్లో అనంతపురం, కడప ఉన్నాయి, ప్రకాశం లేదు. పలకరాయి, ఫ్లోరైడు, వలస కలిసిన బాల్యాన్ని అనంతపురం కరువు నుంచి ఊహించుకోవాల్సిందే.

వలస ఈ ప్రాంతానికి కొత్త కాదు. వానలు ముఖం చాటేస్తే గుంటూరు వైపు మిర్చి కోతలకో, హైదరాబాద్ భవన నిర్మాణానికో కుటుంబాలు తరలిపోతాయి. పిల్లలు వెంట వెళ్తే బడి పోతుంది, అవ్వాతాతల దగ్గర ఉండిపోతే అమ్మానాన్నలు దూరమవుతారు. ఒక ఊళ్లో పాతుకున్న బిడ్డనే ప్రమాణంగా పెట్టుకున్న సిద్ధాంతాలకు ఈ పిల్లలు లొంగరు. అందుకే బాల్యాన్ని విడిగా కాక కుటుంబం, కూలి, ప్రయాణం అనే సంబంధాల్లో చూడాలనే ధోరణి ఇటీవలి పరిశోధనలో బలపడింది.

చట్టం కూడా ఒక చోట ఆగలేదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికి చదువును హక్కు చేసింది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 ఏళ్ల లోపు వారిని ఏ పనిలోనూ పెట్టుకోవడాన్ని నిషేధిస్తూనే, బడి వేళల తర్వాత, సెలవుల్లో ప్రమాదకరం కాని కుటుంబ వృత్తుల్లో సాయం చేయడానికి వీలిచ్చింది. ఇంట్లో చేసే సాయం ఎక్కడ ముగిసి కూలిపని ఎక్కడ మొదలవుతుందనే పాత తగువు దీంతో మళ్లీ రేగింది. బాలకార్మిక ప్రాజెక్టుల ప్రత్యేక పాఠశాలల పథకాన్ని 2021లో సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకంలో కలిపేశారు. ఈలోగా మార్కాపురం రాయిలో చాలాభాగం పలకలుగా కాక, గోడలకూ నేలకూ అతికించే టైల్స్‌గా బయటి దేశాలకు వెళ్లడం మొదలైంది.