సిమ్ రేసింగ్‌లో సెటప్, సాధన: ఒక చారిత్రక పరిశీలన
నిజమైన కారు నడకను కంప్యూటర్‌పై అనుకరించే సిమ్ రేసింగ్‌లో సెటప్ ముందా, సాధన ముందా అన్న ప్రశ్న పాతదే. 1980ల నడుమ జెఫ్ క్రామండ్ రూపొందించిన ‘రెవ్స్’లో ఆటగాని చేతిలో ఉన్నది ప్రధానంగా వింగుల అమరికే. 1989లో పాపిరస్ సంస్థవారి ‘ఇండియానాపొలిస్ 500’ టైర్ల గాలి పీడనాన్నీ, షాక్ అబ్జార్బర్లనూ కూడా అతనికి అప్పగించింది. చిక్కు అక్కడే వచ్చింది. ప్రతి ల్యాప్‌లోనూ బ్రేకు వేసే చోటు మారిపోయే చోదకునికి, తగ్గిన సమయం వింగు వల్లనో తన చేతి వల్లనో తెలియదు. సెటప్‌కు కొలబద్ద నిలకడైన చోదనమే. అది సాధనతో తప్ప అలవడదు.

పాపిరస్ సహస్థాపకుడు డేవిడ్ కేమర్ తరువాత నెలకొల్పగా 2008లో మొదలైన ఐరేసింగ్‌లో, అందరికీ ఒకే సెటప్ ఇచ్చే ‘ఫిక్స్‌డ్’ పోటీలు వేరు, మార్పులకు వీలున్న ‘ఓపెన్’ పోటీలు వేరు. మొదటివి చోదన నైపుణ్యాన్ని మాత్రమే కొలుస్తాయనడం సగమే నిజం. మలుపులో ముందు చక్రాలు జారే కారు కొందరికి అనుకూలం, మరికొందరికి ప్రతిబంధకం.