అడ్డపొగ, అంగిలి, గుండె

విజయనగరమునకు చేరువనున్న రామతీర్థములో గురుభక్తుల కొండ, బోధికొండ ఎక్కినవారికి బౌద్ధుల ఇటుక కట్టడముల శిథిలములు, జైన తీర్థంకరుల శిల్పములు కనిపించును. ఆ కొండలపై ధ్యానము చేసిన భిక్షువులెవ్వరును పొగాకు నెరుగరు. అది అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చి ఇంచుమించు నాలుగు వందల ఏండ్లు. తాతలనాటిదని మనము చెప్పుకొను చుట్ట, ఆ రాళ్ళ యెదుట నిన్న వచ్చిన చుట్టమే.

వచ్చినది గాని, ఉత్తరాంధ్రలో గట్టిగా వేళ్ళూనినది. శ్రీకాకుళము మొదలు విశాఖ వరకు పల్లెలలో పెక్కుమంది స్త్రీలు నిప్పున్న కొనను నోటిలో నుంచుకొని చుట్ట పీల్చుదురు. ఇదియే అడ్డపొగ. గాలికి ఆరదని కొందరు కారణము చెప్పుదురు. తల్లిని చూచి కూతురు నేర్చుటయే అసలు కారణమని మాకు తోచును.

బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారును, డెన్మార్కు దంతవైద్య శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గును కలిసి శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది పల్లెవాసులను పరీక్షించి, 1971లో ఫలితములు ప్రకటించిరి. నూటికి సుమారు 44 మంది అడ్డపొగ త్రాగువారే. వారి అంగిళ్ళపై తెల్లమచ్చలు, పుండ్లు, కొందరిలో క్యాన్సరు కనబడినవి.

వారు చూచినది నోటిని. అంగిలి అద్దములో కనబడును. గుండెకు నెత్తురు చేర్చు నాళము కనబడదు. నికోటిను నాడి వేగమును, రక్తపు పోటును పెంచును. పొగలోని కార్బన్ మోనాక్సైడు నెత్తురులో ప్రాణవాయువు చోటు నాక్రమించును. నాళపు లోపొర చెడును. చెడిన చోట కొలెస్టరాలు పేరుకొనును. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ పట్టణ ప్రజలను 1948 నుండి ఏండ్ల తరబడి పరీక్షించిన వైద్యులు పొగ, రక్తపు పోటు, కొలెస్టరాలు మూడును గుండెజబ్బునకు దారితీయునని తేల్చిరి.

కొలెస్టరాలునకు మందు బూజులో దొరకుట విచిత్రము. 1973లో జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో, కాలేయములో కొలెస్టరాలు తయారీని అడ్డగించు పదార్థమును ఒక బూజునుండి వేరుచేసెను. ఈ జాతి మందులే స్టాటినులు. వానిలో లోవాస్టాటినునకు 1987లో అమెరికాలో అనుమతి లభించెను. 1994లో స్కాండినేవియా వైద్యులు 4,444 మంది హృద్రోగులపై జరిపిన పరిశీలనను ప్రకటించిరి. సింవాస్టాటిను పుచ్చుకొన్నవారిలో మరణములు నూటికి 30 వంతుల మేర తగ్గినవి. నేడు ఈ మాత్రలు హైదరాబాదు కర్మాగారములలోను తయారగుచున్నవి.

మాత్ర వేసికొనుచున్నాము గదా, చుట్ట యొకటి ఉండిన నేమి అనువారు కలరు. మాత్ర పని కాలేయములో; నెత్తురులో చేరిన పొగవిషమును అది తీసివేయలేదు. ముదిమిలో మానిన లాభమేమని అవ్వలు అడుగుదురు. సిగరెట్టు మానినవారి లెక్కలనుబట్టి, పొగవలన గుండెకు పెరిగిన అపాయములో సుమారు సగము ఏడాదిలోనే తగ్గును.