ఆడకుండానే వయసు దాటిన బ్యాచ్

ఈ సంచిక నిండా మన బ్యాచ్‌ల కబుర్లే కదా. ఇక్కడే చదువుకొని, తర్వాత వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసినదాన్ని కాబట్టి, నేను మన బడికి చెందని ఒక బ్యాచ్ గురించి రాస్తాను.

2020 నవంబరులో అండర్-17 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ మన దేశంలో జరగాలి. అంతవరకు మన ఆడపిల్లలు ఏ వయసు విభాగంలోనూ ప్రపంచకప్ ఆడలేదు. ఆతిథ్య దేశం గనుక ఈసారి నేరుగా చోటు దొరికింది. స్వీడన్ కోచ్ థామస్ డెన్నర్‌బీ జట్టును తయారు చేస్తుండగా కరోనా వచ్చిపడింది. పోటీలను మొదట 2021 ఫిబ్రవరికి జరిపారు. చివరికి ఫిఫా వాటిని రద్దు చేసి, 2022 పోటీలను భారత్‌కే ఇచ్చింది.

దేశానికి పోయిందేమీ లేదనే అనిపిస్తుంది. కానీ 2020 పోటీలకు 2003 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లు అర్హులు. 2022కు ఆ తేదీ 2005 జనవరి 1. అంటే 2003, 2004లలో పుట్టి, శిబిరాల్లో చెమటోడ్చిన అమ్మాయిలకు మైదానంలో దిగకుండానే వయసు దాటిపోయింది. పది తప్పితే సప్లిమెంటరీ ఉంది, దీనికి లేదు!

2022లో కూడా గండం తప్పలేదు. ఆగస్టులో మన ఫుట్‌బాల్ సమాఖ్యను ఫిఫా సస్పెండ్ చేసింది. రెండు వారాలు తిరక్కముందే ఎత్తేసింది గాని, పెద్దల తగాదాకు పిల్లలు మరోసారి బలయ్యేవారే.

అక్టోబరు 11న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో అమెరికా చేతిలో 0-8తో ఓడాం. తర్వాత మొరాకోతో 0-3, బ్రెజిల్‌తో 0-5. మూడు ఆటల్లో 16 గోల్స్ ఇచ్చి ఒక్కటీ కొట్టలేదు. చాలామందికి ఈ అంకెలే గుర్తున్నాయి. నాకు మాత్రం మొరాకో మ్యాచ్ మొదటి సగం గుర్తుంది. వాళ్లకూ అదే తొలి ప్రపంచకప్. విరామం దాకా మనవాళ్లు గోల్ ఇవ్వలేదు. నవీ ముంబయిలో ఫైనల్లో స్పెయిన్ 1-0తో కొలంబియాను ఓడించి, 2018లో గెలిచిన కప్పును నిలబెట్టుకుంది.

మన కెప్టెన్ అస్తమ్ ఉరావ్‌ది జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా. ఆమె గౌరవార్థం ఊరికి వేస్తున్న రోడ్డు పనిలో తల్లిదండ్రులే కూలికి వెళ్లారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ ఒక్క రాష్ట్రం నుంచే జట్టులో ఆరుగురు. తెలుగు పిల్ల ఒక్కరూ లేరు. సీనియర్ జట్టుకు ఆడిన నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్యను చూశాక, మన దగ్గర పిల్లలు లేరంటే నేను ఒప్పుకోను.

స్వర్ణోత్సవాల్లో పెడదామన్న బాలికల ఫుట్‌బాల్ పోటీలను వచ్చే ఏడాదికి జరుపుదామని మొన్న సమావేశంలో అన్నప్పుడు నేను గట్టిగా అడ్డుపడ్డాను. కొందరికి కోపం వచ్చిందని విన్నాను. ఇప్పుడు పదో తరగతిలో పదకొండు మంది అమ్మాయిలు రోజూ సాయంత్రం బంతి పట్టుకొని గ్రౌండుకు వస్తున్నారు. వచ్చే జూన్‌కు వాళ్లు ఇక్కడ ఉండరు.