నూరేళ్ల బుస

హోమ్ థియేటర్ కొన్నవాళ్ల మొదటి ఫిర్యాదు పాట మీద కాదు, పాట ఆగాక వినపడే దాని మీద. రాత్రి పది దాటాక తలుపులు బిగించిన గదిలో సినిమా ఆపితే స్పీకర్లలోంచి సన్నగా ‘ఉస్‌స్’ మంటూ ఒక బుస. యానాంలోనైనా కాకినాడలోనైనా మెకానిక్ ముందుకు వచ్చే ప్రశ్న ఒకటే: “బోర్డు పోయిందా?” చాలాసార్లు ఏదీ పోయి ఉండదు. శబ్దాన్ని పెంచడం నేర్చుకున్ననాడే మనిషికి ఈ బుస కూడా అంటుకుంది. ఆ తర్వాత వచ్చిన ఇంజనీర్లు దాన్ని ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జరుపుతూ వచ్చారు తప్ప పూర్తిగా వదిలించుకున్నవాళ్లు లేరు.

తెలుగువాడి చేతికి వచ్చిన తొలి యాంప్లిఫైయర్‌లో ఆ బుస నిజంగానే గాలిది. మచిలీపట్నం వాడైన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో మద్రాసులో ప్రదర్శించిన క్రోనోమెగాఫోన్ ఫ్రాన్సుకు చెందిన గోమోన్ కంపెనీ యంత్రం. తెర మీద బొమ్మ, పక్కన గ్రామఫోను ప్లేటు, రెండూ జోడీగా నడవాలి. ప్లేటు శబ్దం హాలంతా వినపడాలంటే పెంచాలి. పెంచడానికి వాల్వులు ఇంకా సిద్ధంగా లేవు. అందుకని పంపుతో అదిమిన గాలిని వాడారు. సూది కంపనం ఒక చిన్న కవాటాన్ని ఆడిస్తుంది, ఆ కవాటం గుండా దూసుకొచ్చే గాలి అదే కంపనాన్ని పెద్దది చేసి గొట్టంలోంచి బయటికి తోస్తుంది. పాడేవాడు ఊపిరి తీసుకోవడానికి ఆగినా గాలి ఆగదు. ఫ్రెంచి యంత్రం ఫ్రెంచి యానాంలో కాకుండా ఇంగ్లీషువాళ్ల మద్రాసులో దిగడం చరిత్ర చేసిన చిన్న చమత్కారం.

యాంప్లిఫైయర్ పని ఇప్పటికీ ఇదే. ఎక్కడో నిల్వ ఉన్న శక్తి ప్రవాహంగా వస్తుంటుంది, బలహీనమైన సంకేతం దాని మీద పెత్తనం చేస్తుంది. గాలి స్థానంలోకి కరెంటు వచ్చింది, అంతే. కరెంటు కూడా నున్నగా పారదు. అది ఎలక్ట్రానుల గుంపు కాబట్టి వాల్వులో వాటి రాకపోకలే గరగరగా వినిపిస్తాయని వాల్టర్ షాట్కీ అనే శాస్త్రవేత్త 1918లో లెక్క కట్టి చెప్పాడు. బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ 1926లో అంతకన్నా ఇబ్బందికరమైన సంగతి కనిపెట్టాడు: కరెంటు పారకపోయినా, ఊరికే బల్ల మీద పడి ఉన్న రెసిస్టరు కూడా వేడి వల్ల బుస కొడుతుంది. నైక్విస్ట్ దానికి సిద్ధాంతం కట్టాడు. ఇద్దరి పత్రాలూ 1928లో వచ్చాయి.

ఆ లెక్కను మన గదిలోకి తెచ్చుకుందాం. 27 డిగ్రీల వేడిలో పది కిలో ఓముల వాల్యూమ్ కంట్రోల్, మనిషి చెవికి అందే మేర శబ్దాల్లో, దాదాపు 1.8 మైక్రోవోల్టుల బుస పుట్టిస్తుంది. దాని తర్వాతి దశలన్నీ కలిపి వెయ్యి రెట్లు పెంచితే స్పీకరు దగ్గరికి 1.8 మిల్లీవోల్టులు చేరతాయి. ఒక వాట్‌కు 86 డెసిబెళ్లు పలికే ఇంటి స్పీకరులో ఇది మీటరు దూరాన 22 డెసిబెళ్లు. ఫ్యాను తిరిగితే వినపడదు. అదే 100 డెసిబెళ్లు పలికే హారన్ స్పీకరులో 36 డెసిబెళ్లు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో స్పష్టంగా వినపడుతుంది. ఖరీదైన, సున్నితమైన స్పీకరు తెచ్చాక బుస పెరిగిందని గోల పెట్టేవాళ్లు ముందు ఈ తేడా చూసుకోవాలి.

సినిమావాళ్లు ఈ సమస్యను మొరటుగా పరిష్కరించారు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ వచ్చింది, 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ కట్టి గోదావరి ఒడ్డునే సినిమా తీశాడు. శబ్దం ఫిల్ము అంచున సన్నటి చారగా ఉండేది. దాని గుండా దీపం వెలుగు పోయి ఫోటోసెల్ మీద పడితే మాట పలికేది. ఫిల్ము రేణువులు, గీతలు, దుమ్ము కూడా అదే దారిలో పలికేవి. హాలీవుడ్ 1938లో ఒక ప్రమాణం పెట్టుకుంది: హాలులోనే పై స్థాయి శబ్దాలను కోసిపారేయండి, బుస పోతుంది. దాంతోపాటు వీణ తీగ మీద గోరు తగిలే చప్పుడూ పోయింది, ‘స’ ‘ష’ల పదునూ పోయింది. పెద్ద ఊళ్లలో ఆడి ఆడి, గీతలు పడి డెల్టాలోని డేరా టాకీసులకు చేరిన ప్రింట్లకు ఆ మందం మేలే చేసి ఉంటుంది. ట్రెబుల్ తిప్పేసి “తగ్గిపోయిందండీ” అనే మెకానిక్ నేటికీ చేసేది ఇదే. నా దృష్టిలో అది వైద్యం కాదు, చెవి మూయడం.

రేడియోలో కథ వేరు. మద్రాసు కేంద్రం 1938 జూన్‌లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. యానాం మీద అప్పటికింకా ఫ్రెంచి జెండా ఎగురుతోంది. అది దిగడానికి 1954 జూన్ దాకా పట్టింది. సరిహద్దులో కస్టమ్స్ వాళ్లు మనుషుల మూటలు విప్పి చూడగలరు గానీ మీడియం వేవ్‌ను ఆపలేరు. ఇక రేడియో సిలోన్‌లో అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం షార్ట్‌వేవ్ మీద ముల్లు జరిపిన తరానికి బుస గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. గొంతు దూరమైనప్పుడల్లా బుస ఉప్పొంగేది. స్టేషను బలహీనపడితే సెట్టు తనంతట తానే పెంపును పెంచుకునేలా కట్టడం దానికి కారణం. పెంచినప్పుడు పాటతో పాటు మొదటి వాల్వు బుస కూడా పెరుగుతుంది. మందు పెట్టెలో లేదు, ఇంటి కప్పు మీద ఉండేది. ఏరియల్ తీగ పొడుగ్గా, ఎత్తుగా కడితే సంకేతం మొదట్లోనే బలంగా దొరికేది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి రేడియో విన్న పెద్దవాళ్లకు తెలిసిన ఈ ఒక్క కిటుకును రిమోట్లు వచ్చాక మనం మర్చిపోయాం.

మైకు సెట్ల కాలాన్ని త్వరగా దాటేయవచ్చు. 1940లో పుట్టిన ఆహూజా కంపెనీ యాంప్లిఫైయర్లూ గొట్టం మైకులూ పెళ్లిళ్లకీ హరికథలకీ జగ్గన్నతోట ప్రభల తీర్థానికీ ఊరూరా తిరిగాయి. వాటి బుస ఇంటి స్పీకరుకు ఎన్నో రెట్లు. కానీ తీర్థంలో ఎవరు వింటారు?

క్యాసెట్టుతో బుస ఇంట్లోకి వచ్చింది. ఫిలిప్స్ 1963లో తెచ్చిన ఆ పెట్టెలో టేపు సెకనుకు 4.75 సెంటీమీటర్లే నడుస్తుంది, పాట నమోదయ్యే దారి అరమిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అంత ఇరుకులో అయస్కాంత రేణువుల గరగర పాటకు బాగా దగ్గరగా ఉంటుంది. కాగితం మీద పాటల జాబితా రాసిచ్చి, ఖాళీ మెల్‌ట్రాక్ క్యాసెట్టు చేతిలో పెట్టి, వారం తర్వాత తెచ్చుకున్న రికార్డింగ్ సెంటర్ల కాలం గుర్తుందా? అక్కడి మాతృక కూడా చాలాసార్లు ఇంకో క్యాసెట్టే. ఒక్కో కాపీ తన బుసను జతచేస్తుంది. ఒకే స్థాయి బుసలు రెండు కలిస్తే మూడు డెసిబెళ్ల పెరుగుదల.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు భారతదేశంలో కొంతకాలం ఉద్యోగం చేశాడు. రే డాల్బీ 1963 నుంచి 1965 దాకా యునెస్కో సలహాదారుగా చండీగఢ్‌లోని కేంద్రీయ శాస్త్రీయ పరికరాల సంస్థలో పనిచేసి, ఆ తర్వాత లండన్ వెళ్లి తన ల్యాబ్ పెట్టాడు. 1966లో డెక్కా కంపెనీ అతని పద్ధతిని స్టూడియోలో వాడడం మొదలుపెట్టింది. 1968లో ఇళ్ల కోసం డాల్బీ బి వచ్చింది. ఆలోచన సొగసైనది. పాట గట్టిగా ఉన్నప్పుడు బుస ఎలాగూ వినపడదు, దాన్ని ముట్టుకోవద్దు. పాట మెల్లగా ఉన్నప్పుడు మాత్రం, రికార్డు చేసేటప్పుడే ఆ మెల్లని శబ్దాన్ని పైకెత్తి టేపు మీద రాయాలి, వినిపించేటప్పుడు అంతే దించాలి. పాట తన చోటికి వస్తుంది, మధ్యలో చేరిన టేపు బుస మాత్రం పది డెసిబెళ్ల దాకా కిందికి పోతుంది. సినిమావాళ్ల కోతకూ దీనికీ ఉన్న తేడా ఇదే: బుస చేరకముందే సంకేతాన్ని బలపరచడం. ఇంటి కప్పు మీది ఏరియల్ తీగ కూడా చేసింది ఆ పనే.

తర్వాత డెల్టా పట్టణాల్లో అసెంబుల్డ్ సెట్ల రాజ్యం నడిచింది. ఎల్‌ఏ 4440 ఐసీ, డబ్బు ఉంటే ఎస్‌టీకే 4141, ఇంకా ఉంటే టీడీఏ 7294. ముందు 4558 ఐసీతో బాస్ ట్రెబుల్ బోర్డు. వెనక 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్. అన్నీ కలిపి తగరపు పెట్టెలో. ముఖం మీద 5.1 అని రాసి ఉన్నా లోపల చాలా వాటిలో స్టీరియోనే కలిపి తీసి ఐదు చోట్లకు పంచేవారు. పెంపు మీద పెంపు, దాని మీద ఇంకో పెంపు. ఏ దశకు ఎంత కావాలో లెక్క లేకపోవడంతో బుస దండిగా వచ్చేది. 4558 పీకి అదే సాకెట్టులో 5532 పెడితే కొంత తగ్గేది. కార్బన్ రెసిస్టర్ల బదులు మెటల్ ఫిల్మ్‌వి వేస్తే ఇంకొంత. అసలు తగ్గేది మాత్రం అక్కర్లేని ఒక దశను పూర్తిగా తీసేస్తే. ఈ చివరి సలహా ఇచ్చిన మెకానిక్‌కు చేతులెత్తి మొక్కాలి, ఎందుకంటే బోర్డు అమ్ముకోకుండా తీసేయమన్నాడు.

ఈ చరిత్రంతా చేతిలో ఉంటే ఇప్పటి ఇంట్లో బుస మూలం పట్టడం కష్టం కాదు. మొదటి దశలో కలిసిన బుస తర్వాత ఏ దశలోనూ పోదు. అందుకని చివరి నుంచి మొదటికి వెతకాలి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా బుస అలాగే ఉంటే అది చివరి పవర్ యాంప్లిఫైయర్‌ది. కూర్చునే చోటికి వినపడకపోతే వదిలేయండి, వినపడితే స్పీకరు సున్నితత్వం తగ్గించే మార్గం చూడాలి. వాల్యూముతో పాటు పెరుగుతుంటే మూలం దానికి ముందు ఉంది. ఇన్‌పుట్ కేబుళ్లు ఒక్కొక్కటే పీకుతూ పోండి, ఏది పీకితే ఆగిందో అదే దోషి. ఎక్కువ ఇళ్లలో తేలేది చిన్న విషయం: టీవీలోనో ఫోన్‌లోనో శబ్దం పావు వంతు పెట్టి, ఆ లోటును యాంప్లిఫైయర్‌లో తీర్చుకుంటున్నారు. మూలంలో నిండుగా పెట్టి ఇక్కడ తగ్గిస్తే చాలు.

‘గుయ్’ మనేది మాత్రం బుస కాదు. అది యాభై, వంద హెర్ట్జుల కరెంటు హమ్. కేబుల్ టీవీ తీగ ఎర్త్‌కూ ప్లగ్గు ఎర్త్‌కూ మధ్య పడ్డ చక్రం నుంచి ఎక్కువగా వస్తుంది. ఆప్టికల్ కేబుల్ వేస్తే ఆ బంధం తెగుతుంది. మూడో పిన్ను విరిచేసే వైద్యం ప్రాణాల మీదికి తెస్తుంది, వద్దు. చవక బ్లూటూత్ బోర్డును యాంప్లిఫైయర్ సప్లయి మీదనే నడిపితే సన్నటి కీచుమనే చప్పుడు. పక్క రొయ్యల చెరువులో ఏరేటర్లు మొదలైనప్పుడు టపటపలు. ఇక యానాం లాంటి సముద్రానికి దగ్గరి ఊళ్లలో చరచరలాడే శబ్దానికి ఉప్పుగాలి పెద్ద కారణం. జాకులూ రిలేలూ చిలుము పట్టి కలవవు. కొత్త బోర్డు కొనేముందు జాకును నాలుగుసార్లు తిప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూడండి.

డిజిటల్ వచ్చాక బుస అంతరించిందని చాలామంది అనుకున్నారు. పదహారు బిట్ల సీడీ 96 డెసిబెళ్ల వ్యాప్తి ఇచ్చిన మాట నిజమే. కానీ మరీ మెల్లని శబ్దాలు అంకెల మెట్ల మీద వికృతంగా విరగకుండా, ఇంజనీర్లు కావాలనే కాస్త బుస కలుపుతారు. దాన్ని డిథర్ అంటారు. దశాబ్దాల తరబడి తరిమినదాన్ని చివరికి చేత్తో పట్టుకొచ్చి లోపల పెట్టారన్నమాట.

2010లో రంగులద్ది విడుదల చేసిన ‘మాయాబజార్’కు 1957 నాటి ఒకే ట్రాక్ శబ్దాన్ని డీటీఎస్‌లోకి మార్చారు. అలాంటి పనిలో బుస ఎంత తీయాలన్నది రుచికి సంబంధించిన ప్రశ్న. మరీ గట్టిగా శుభ్రం చేసిన పాత పాటల్లో గాయకుడు ఊపిరి పీల్చడం కూడా మాయమవుతుంది, గొంతు ఎక్కడో నీళ్ల కింద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. నేనైతే బుస ఉంచిన ప్రతినే వెతుక్కుంటాను. ఘంటసాల పాట మొదలయ్యే ముందు మీ స్పీకర్లలో వినపడేది డెబ్బై ఏళ్ల నాటి మద్రాసు స్టూడియో ఫిల్ముదో టేపుదో. దానికి ఈ ఊళ్లో కేబుల్ మార్చి లాభం లేదు.